పూర్వీకుల దేశం మన దేశమవుతుందా? మారిషస్ తెలుగు యువకుడి ప్రశ్నకు జవాబు

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పి, తర్వాత జవాబులోకి వెళ్తాను. మీరు మారిషస్‌లో పుట్టారు. మీ తాతగారి తాత 1860ల్లో విశాఖపట్నం జిల్లా నుంచి ఒప్పంద కూలీగా చెరకు తోటల్లో పనిచేయడానికి వెళ్లారు. ఆయన్ని కలుపుకొని లెక్కిస్తే మీది ఐదో తరం. చదువు కోసం హైదరాబాద్ వచ్చాక, తోటి విద్యార్థి ఒకరు "నువ్వు ఇండియన్‌వి కావు" అన్నారు. పక్కనున్న మరొకరు "రక్తం మనదే కదా, మనవాడే" అని మీ తరఫున మాట్లాడారు. ఆ ఇద్దరిలో ఎవరి మాట నిజమనీ, పూర్వీకులు భారతీయులైనంత మాత్రాన భారతీయుణ్నని చెప్పుకునే హక్కు మీకు ఉంటుందా అనీ మీరు అడిగారు.

నేను విశాఖపట్నంలో ఇరవై ఏళ్లకు పైగా పౌరసత్వం, ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే కార్డు) దరఖాస్తుల పని చూస్తున్న న్యాయవాదిని. ఇలాంటి ప్రశ్నతో నా దగ్గరికి వచ్చినవారు చాలామంది ఉన్నారు. వారికి చెప్పిందే మీకూ చెబుతాను. పూర్వీకుల వల్ల మీకు భారతదేశంతో ఒక సంబంధం వచ్చింది. అది నిజమైన సంబంధం, దాన్ని ఎవరూ కాదనలేరు. అయితే సంబంధం ఉన్నంత మాత్రాన హక్కు పుట్టదు. ఎంతవరకు హక్కు ఇవ్వాలో ప్రతి దేశమూ తన చట్టంలో తానే గీత గీసుకుంటుంది, ఆ గీతను అవసరాన్ని బట్టి జరుపుకుంటూ ఉంటుంది. మీ మిత్రులిద్దరూ చెరో సగం నిజం చెప్పారు, కాని ఆ రెండు సగాలను కలిపినా పూర్తి జవాబు రాదు. కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈ చిక్కులో కొంత మన భాషలోనే ఉంది. తెలుగులో "జాతి" అనే ఒక్క మాటను పుట్టుకకూ, కులానికీ, భాషా సమూహానికీ, దేశ ప్రజలందరికీ కూడా వాడుతున్నాము. తెలుగు జాతి అంటాము, భారత జాతి అంటాము, మేలుజాతి ఎద్దు అని కూడా అంటాము. ఆ మాట నుంచే "జాతీయత" తయారైంది. అందువల్ల జాతీయత అనగానే అది పుట్టుకతో, నెత్తురుతో వచ్చే గుణమన్న భావన మనకు తెలియకుండానే మనసులో నాటుకుపోతుంది. చట్టంలో వాడే "పౌరసత్వం" అలాంటిది కాదు. అది ఒక మనిషికీ ఒక రాజ్యానికీ మధ్య ఉండే బంధం. అందులో ఇరువైపులా హక్కులూ ఉంటాయి, బాధ్యతలూ ఉంటాయి. మీరు అడిగిన ప్రశ్నలో వంశం, పౌరసత్వం, తెలుగుదనం అనే మూడు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీసి చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి.

ముందుగా మీ తాతగారి తాత సంగతి చూద్దాము. ఆయన ఓడ ఎక్కిన నాటికి భారత గణతంత్రం లేదు, భారత పౌరసత్వం అనే మాటా లేదు. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీలో నివసించే బ్రిటిష్ రాణి ప్రజ. మారిషస్ కూడా అప్పుడు బ్రిటిష్ వలసే కాబట్టి, సముద్రం దాటినా ఆయన అదే రాణి ప్రజగా మిగిలిపోయారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది కూలీలు పోర్ట్ లూయీ రేవులో దిగినది మొదలు ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల దాకా నాలుగున్నర లక్షల మందికి పైగా అలాగే వెళ్లారు. వారిలో తెలుగువారిని కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా "కోరంగీలు" అని పిలిచారు. వారు తమ వెంట పౌరసత్వం తీసుకుపోలేదు, ఎందుకంటే తీసుకుపోవడానికి అలాంటిది వారి దగ్గర లేదు. వారు తీసుకుపోయినవి ఒక భాష, ఒక ఊరి పేరు, సింహాద్రి అప్పన్న మీద భక్తి, అమ్మోరి పండుగ. మీకు వారసత్వంగా వచ్చినవి అవే. చట్టం వచ్చింది చాలా తర్వాత, అదీ ఇద్దరికీ వేర్వేరుగా వచ్చింది. భారతదేశంలో ఉండిపోయిన వారి సంతతికి 1950లోనూ, మీ కుటుంబానికి 1968 మార్చి 12న మారిషస్ స్వతంత్రమైనప్పుడూ వచ్చింది.

ఈ సందర్భంలో మన రాజ్యాంగ సభలో జరిగిన ఒక చర్చ మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే అందులో మీలాంటి వారి ప్రస్తావన నేరుగా వచ్చింది. 1947 ఏప్రిల్‌లో పౌరసత్వ నిబంధన చర్చకు వచ్చినప్పుడు, ఈ దేశంలో పుట్టిన ప్రతివారికీ పౌరసత్వం ఇవ్వడం మరీ ఉదారంగా ఉంటుందేమోనని కొందరు సభ్యులు సందేహించారు. దానికి సర్దార్ పటేల్, ప్రపంచంలో జాతీయతను విశాలంగా చూసే పద్ధతి ఒకటీ, సంకుచితంగా చూసే పద్ధతి ఒకటీ ఉన్నాయని చెప్పి, దక్షిణాఫ్రికాలో పుట్టిన భారతీయులకు అక్కడి పౌరసత్వం కావాలని మనమే అడుగుతున్నప్పుడు ఇక్కడ సంకుచిత పద్ధతిని అనుసరించడం సరికాదని జవాబిచ్చారు. ఈ వాదన నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. సముద్రాలు దాటి వెళ్లిన కూలీల సంతతికి వారు పుట్టిన నేల మీద హక్కు ఉండాలన్న న్యాయబుద్ధితోనే, ఇక్కడ పుట్టినవారికి ఇక్కడ హక్కు ఉండాలని మన పెద్దలు నిర్ణయించుకున్నారు. నెహ్రూ విదేశాంగ విధానం కూడా ఆ దారిలోనే నడిచింది. విదేశాల్లో స్థిరపడి అక్కడి జాతీయతను స్వీకరించిన భారతీయులతో మనకు మమకారం ఉంటుంది కాని రాజకీయంగా వారు మనవారు కారన్నది ఆయన స్పష్టంగా చెప్పిన మాట. ఆ రోజుల్లో ఇది కటువుగా వినిపించి ఉండవచ్చు. కాని పోర్ట్ లూయీలోనో డర్బన్‌లోనో ఉన్న తెలుగు కుటుంబం మీద "మీ విధేయత ఎక్కడిది" అన్న అనుమానం పడకుండా కాపాడింది ఆ వైఖరే.

తర్వాతి కాలంలో మన చట్టం నేల నుంచి నెమ్మదిగా వంశం వైపు జరిగింది. 1955 నాటి పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఈ దేశంలో పుట్టినవారందరూ, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, పౌరులే. 1987 జూలై 1 నుంచి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులైతే రెండోవారు అక్రమ వలసదారు కాకూడదు. విదేశంలో పుట్టిన పిల్లల విషయంలో 1992 డిసెంబరు 10కి ముందు తండ్రి పౌరసత్వాన్నే లెక్కలోకి తీసుకునేవారు. భారతీయురాలైన తల్లి తన బిడ్డకు పేరు పెట్టగలిగేది కాని పౌరసత్వం ఇవ్వలేకపోయేది. వంశాన్ని ఏ వైపు నుంచి లెక్కపెట్టాలన్నది కూడా మనుషులు చేసిన నిర్ణయమేనని చెప్పడానికి దీనికంటే స్పష్టమైన నిదర్శనం నాకు కనిపించదు. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు పిల్లల్లో, ఆ తేదీకి ముందు పుట్టినవారు ఒకవైపు, తర్వాత పుట్టినవారు మరోవైపు నిలబడిన కుటుంబాలను నేను చూశాను. వారిద్దరిలో ప్రవహించే నెత్తురు ఒకటే కదా.

ఇక ఓసీఐ. మిమ్మల్ని ఎక్కువగా తికమకపెట్టింది ఈ పేరే అనుకుంటాను. "ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా" అన్న పేరులో సిటిజన్ ఉంది కాని అది పౌరసత్వం కాదు. మన రాజ్యాంగంలోని 9వ అధికరణం ప్రకారం స్వచ్ఛందంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్నవారు భారత పౌరులుగా ఉండలేరు, కాబట్టి ద్వంద్వ పౌరసత్వానికి ఇక్కడ చోటు లేదు. ఓసీఐ కార్డు ఉంటే జీవితాంతం ఎన్నిసార్లయినా వీసా లేకుండా రావచ్చు, ఎంతకాలమైనా ఉండవచ్చు, చదువు, ఆస్తి, పెట్టుబడుల విషయాల్లో చాలావరకు ప్రవాస భారతీయులతో సమానంగా ఉండవచ్చు. వ్యవసాయ భూమి మాత్రం కొనలేరు. ఓటు వేయలేరు, ఎన్నికల్లో నిలబడలేరు, రాష్ట్రపతి గాని ఉన్నత న్యాయస్థానాల న్యాయమూర్తి గాని కాలేరు, ప్రభుత్వ ఉద్యోగాల్లో సమానావకాశాన్ని హక్కుగా అడగలేరు. 2021 మార్చి నాటి ప్రకటన ప్రకారం నీట్, జేఈఈ వంటి పరీక్షల్లో కూడా ప్రవాస భారతీయుల కోటా సీట్లకే పరిమితమవుతారు. ఆ ప్రకటన వెనుకటి తేదీలకు వర్తించదని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. మీరు విద్యార్థి కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఓసీఐకి ఎన్ని తరాలు చాలునన్నది ఇంకా ఆసక్తికరమైన సంగతి. చట్టంలో ఉన్నది 1950 జనవరి 26 నాటికి భారత పౌరుడైన లేదా పౌరుడయ్యే అర్హత ఉన్న వ్యక్తి, ఆయన పిల్లలు, మనవలు, మునిమనవలు. ఆ లెక్క ప్రకారం నాలుగో తరంతో గీత ఆగిపోతుంది. కాని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము మారిషస్ జాతీయ దినోత్సవానికి వెళ్లినప్పుడు, భారత మూలాలున్న మారిషస్ పౌరులకు ఏడో తరం దాకా ఈ అవకాశం ఇస్తున్నట్లు ప్రకటించారు. సురినామ్ వారికి అంతకు ముందే ఆరో తరం దాకా పెంచారు. అలాంటప్పుడు పాకిస్తాన్‌లోనో బంగ్లాదేశ్‌లోనో ఉన్నవారి సంగతేమిటని మీరు అడగవచ్చు. వారి పూర్వీకులు నిన్న మొన్నటిదాకా ఇదే భూభాగంలో ఉన్నవారైనా, ఆ దేశాల పౌరసత్వం ఉంటే ఈ కార్డు రాదు. అంటే మీ ఐదో తరానికి తెరిచిన తలుపు, సరిహద్దు అవతల ఉన్న రెండో తరానికి మూసి ఉంది. ఇది మంచిదా చెడ్డదా అన్న చర్చను ఇక్కడ ఎత్తుకోను. నేను గమనించమంటున్నది ఒక్కటే. వంశమే హక్కును ఇచ్చేదైతే ఈ తేడా రాకూడదు. తేడా వచ్చిందంటే హక్కును ఇస్తున్నది రాజ్యమే.

ఇది మన దేశానికే పరిమితమైన సంగతి కాదు. ఇటలీ చాలాకాలం తరాల పరిమితి లేకుండా వంశపారంపర్య పౌరసత్వాన్ని గుర్తించింది. 1861లో ఇటలీ రాజ్యం ఏర్పడిన తర్వాత బతికి ఉన్న ఒక ఇటాలియన్ పూర్వీకుణ్ని చూపించి, మధ్యలో గొలుసు తెగలేదని నిరూపిస్తే, బ్రెజిల్‌లోనో అర్జెంటీనాలోనో పుట్టిన మునిమనవడి కొడుకు కూడా ఇటలీ పౌరుడే. 2025 మార్చి 28న ఒక అత్యవసర ఆదేశంతో ఆ గీతను తల్లిదండ్రులు, తాత అమ్మమ్మల దగ్గరికి కుదించారు. ముందురోజు అర్ధరాత్రిలోగా దరఖాస్తు పెట్టినవారు పాత పద్ధతిలో మిగిలిపోయారు, తెల్లవారాక వచ్చినవారు కొత్త పద్ధతిలో పడ్డారు. ఐర్లాండ్‌లో అమ్మమ్మో తాతో ఆ ద్వీపంలో పుట్టి ఉంటే విదేశీ జననాల పట్టికలో నమోదు చేసుకొని పౌరులు కావచ్చు. ఇంకా ఒక తరం వెనక్కి వెళ్లాలంటే, మీరు పుట్టకముందే మీ తల్లో తండ్రో ఆ నమోదు చేసుకొని ఉండాలి. అంటే అక్కడ వంశం ఒక్కటే చాలదు, ప్రతి తరమూ ఆ సంబంధాన్ని తానుగా పునరుద్ధరించుకోవాలి. ఇలా పునరుద్ధరించుకోమని అడగడం నాకు న్యాయంగానే తోస్తుంది.

వంశమే సర్వస్వమని వాదించేవారికి నేను చెప్పే ఉదాహరణ బర్మా. ఇది మా ఇంటి కథ కూడా. మా అమ్మమ్మ రంగూన్‌లో పుట్టింది. వాళ్ల నాన్న అక్కడి బియ్యం మిల్లులో మేస్త్రీ. రేవుల్లో, మిల్లుల్లో పనిచేసిన తెలుగువారిని అక్కడ కూడా కోరంగీలనే అనేవారు. 1930 మేలో రంగూన్ రేవు పని విషయంలో బర్మీయులకూ తెలుగు కూలీలకూ మధ్య ఘోరమైన అల్లర్లు జరిగాయి. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు పారిపోయారు, కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినవారిలో ఎంతోమంది దారిలోనే చనిపోయారు. మా అమ్మమ్మకు ఓడలో చోటు దొరికింది. ఆమె చనిపోయేదాకా, అలిసిపోయినప్పుడు ఆమె నోట వచ్చేవి బర్మా మాటలే. ఆమె పుట్టింది అక్కడ, పదిహేడేళ్లు పెరిగింది అక్కడ, ఆటలాడింది అక్కడి పిల్లలతో. కాని ఆమెను బర్మా దేశస్థురాలని ఎవరూ అనలేదు. ఇక్కడికి వచ్చాక కాందిశీకులన్నారు. విశాఖలో ఇప్పటికీ బర్మా క్యాంపు అనే పేటే ఉంది.

అక్కడ ఉండిపోయిన బంధువుల పరిస్థితి ఇంకా కష్టమైంది. 1948 నాటి బర్మా చట్టంలో రెండు తరాలుగా అక్కడ స్థిరపడినవారి సంతతికి దారి ఉండేది. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చాక దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశారు, మరోసారి లక్షల మంది ఓడలెక్కారు. 1982లో వచ్చిన కొత్త చట్టం 1823కి ముందు నుంచి ఆ నేల మీద ఉన్న జాతులవారే సహజ పౌరులని నిర్ణయించింది. 1824లో మొదటి బర్మా యుద్ధంతో బ్రిటిష్‌వారు అడుగుపెట్టారు కాబట్టి, వారి వెనుక వచ్చినవారందరినీ గీతకు బయట ఉంచడానికే ఆ సంవత్సరాన్ని ఎంచుకున్నారు. నాలుగు తరాలుగా అక్కడే పుట్టి, అక్కడే పన్నులు కట్టి, అక్కడి మట్టిలోనే కలిసినవారి పిల్లలు రెండో రకం పౌరులుగానో, ఏ రకమూ కానివారుగానో మిగిలారు. రోహింగ్యాల దుస్థితికి మూలాల్లో ఒకటి ఈ చట్టమే. ఒక మనిషి ఎవరన్నది నెత్తురే తేలుస్తుందని మనం ఒప్పుకుంటే, మారిషస్‌లో ఉన్న మీకు హైదరాబాద్‌లో తలుపు తెరవడానికి ఏ వాదన ఉపయోగపడుతుందో, మా అమ్మమ్మ అన్నదమ్ముల పిల్లలకు రంగూన్‌లో తలుపు మూయడానికి కూడా అదే వాదన ఉపయోగపడుతుంది. అందుకే వంశాన్ని ఆదరణకు కారణంగా వాడుకోవడానికి నేను సమ్మతిస్తాను. వంశం లేదన్న కారణంతో ఒకరిని వెలివేయడానికి ఎన్నటికీ సమ్మతించను.

వంశం ఉండి కూడా కలిసిపోలేని సందర్భాలు మరో వైపున ఉన్నాయి. జపాన్ 1990లో అమల్లోకి వచ్చిన సవరణతో తన వలస చట్టాన్ని మార్చి, బ్రెజిల్, పెరూ దేశాలకు వెళ్లిన తన కూలీల సంతతికి మూడో తరం దాకా వచ్చి పనిచేసుకునే వీలు కల్పించింది. ఒకే నెత్తురు కాబట్టి సులువుగా కలిసిపోతారని అనుకున్నారు. బ్రెజిల్‌లో అందరూ జపనీయులని పిలిచినవారు, జపాన్ చేరాక బ్రెజిల్‌వారయ్యారు. భాష రాదు, పద్ధతులు తెలియవు, వేగంగా నడిచే కర్మాగారాల్లో బరువు పనులు. 2009లో ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు తిరిగి వెళ్లిపోయేవారికి మనిషికి 3 లక్షల యెన్‌లు ఇస్తామని, కాని మళ్లీ ఆ రకం వీసా మీద రాకూడదని షరతు పెట్టారు. మీకు హైదరాబాద్‌లో ఎదురైన అనుభవం దీనికి దగ్గరగానే ఉంది, కాకపోతే మీకు భాష కొంత వచ్చు, మిమ్మల్ని మనవాడన్న మిత్రుడూ ఉన్నాడు.

అంతర్జాతీయ న్యాయస్థానం 1955లో ఇచ్చిన నాటెబామ్ తీర్పులో ఈ విషయాన్ని గురించి ఒక ఆలోచన ఉంది. జర్మనీలో పుట్టి, దాదాపు జీవితమంతా గ్వాటెమాలాలో వ్యాపారం చేసుకున్న ఒకాయన 1939లో లిక్టెన్‌స్టైన్ పౌరసత్వం తీసుకున్నారు. ఆ దేశంతో ఆయనకు చెప్పుకోదగ్గ సంబంధం లేదు. జాతీయత అంటే కేవలం కాగితం కాదనీ, ఒక సమాజంతో మనిషికి వాస్తవంగా ఉన్న అనుబంధం, జీవితం, ప్రయోజనాలు, మనోభావాలు దానికి పునాదిగా ఉండాలనీ న్యాయస్థానం అన్నది. ఆ తీర్పు మీద న్యాయశాస్త్రంలో విమర్శలు చాలా ఉన్నాయి. ఆయన జీవితం ఉన్న చోట ఆయనకు రక్షణ లేకుండా పోయిందన్న విమర్శ బలమైనదే. అయినా "ఎక్కడ బతుకుతున్నావు, ఎవరితో కలిసి బతుకుతున్నావు" అన్న ప్రశ్నను న్యాయం మధ్యలోకి తెచ్చినందుకు ఆ తీర్పును నేను గౌరవిస్తాను.

ఈ ప్రశ్న మన రాష్ట్రాల్లోని వారికి కొత్తదేమీ కాదు. హైదరాబాద్ సంస్థానంలో ముల్కీ, అంటే స్థానికుడు, అనిపించుకోవడానికి పుట్టుక ఒక దారి, పదిహేనేళ్లు నిలకడగా నివసించడం మరో దారి. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు స్థానికతను ప్రధానంగా చదువుకున్న చోటును బట్టి నిర్ణయించాయి. వరుసగా నాలుగేళ్లు ఏ ప్రాంతంలో చదివారో చూస్తారు తప్ప, తాత ఎక్కడివాడని చూడరు. 2014లో ఫీజు సాయం కోసం 1956 నవంబరు 1కి ముందు నుంచి తెలంగాణలో ఉన్న కుటుంబాల పిల్లలనే స్థానికులుగా లెక్కించాలన్న ఉత్తర్వు వచ్చి, వివాదమై, తర్వాత రద్దయింది. ఈ విషయంలో ఇరువైపులా నిజమైన బాధలు ఉన్నాయి. ఉద్యోగాలూ నీళ్లూ కోల్పోయామన్న వేదన ఉత్తది కాదు. అయినా ఒక పిల్లవాణ్ని తాను చదివిన బడితో కాక తాత దిగిన రైల్వే స్టేషన్‌తో గుర్తించడం నా మనసుకు ఎప్పుడూ సరిగా తోచలేదు.

మన ఆచారంలోనే ఇంకొక ఆధారం ఉంది. సంకల్పం చెప్పుకునే ఇళ్లలో పూజకు కూర్చున్నప్పుడు పురోహితుడు రెండు సంగతులు విడివిడిగా చెప్పిస్తారు. మొదట మనం ఎక్కడ ఉన్నామో చెప్పాలి. మేరువుకు దక్షిణాన, శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల మధ్య అన్నది ఊరిని బట్టి మారుతుంది. ఆ తర్వాతే గోత్రం. విదేశాల్లో ఉన్న మన పురోహితులు ప్రదేశం చెప్పే భాగాన్ని అక్కడికి తగినట్టు మార్చుకుంటారు, గోత్రాన్ని మార్చరు. ఉన్న చోటు ఒకటి, వచ్చిన దారి మరొకటి అనీ, రెండూ చెప్పుకోవలసినవే అనీ, ఒకదాని స్థానంలో మరొకటి చెప్పకూడదనీ ఆ వరుసలోనే ఉంది. మీ ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు నాకు చట్టాల్లో దొరకలేదు.

మీ దేశపు రాజ్యాంగంలో కూడా నాకు ఇష్టమైన మాట ఒకటి ఉంది. మారిషస్ ఎన్నికల్లో వర్గాల ప్రాతినిధ్యం కోసం జనాన్ని హిందూ, ముస్లిం, చైనా సంతతి, సాధారణ జనాభా అని విభజించే మొదటి షెడ్యూలులో, ఎవరు ఏ వర్గమో నిర్ణయించేటప్పుడు నెత్తురు ప్రస్తావన లేదు. ఉన్నది "జీవన విధానం" అన్న మాట. ఆ విభజనే వద్దని పోరాడేవారు మీ దేశంలో ఉన్నారు, అభ్యర్థులు తమ వర్గాన్ని తప్పనిసరిగా ప్రకటించాలన్న నియమాన్ని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2012లో తప్పుపట్టింది కూడా. అయినా ఆ షెడ్యూలు రాసినవారు మనిషిని గుర్తించడానికి అతని బతుకు తీరును చూడాలని అనుకున్నారు. మీ బతుకు తీరులో ఉగాది ఉంది. మారిషస్‌లో అది దేశమంతటికీ సెలవు రోజు. మీ బడిలో తెలుగు ఉంది. ఇంట్లో క్రియోల్ భాష ఉంది. ఇవన్నీ కలిసినదే మీరు.

డీఎన్ఏ పరీక్ష చేయించుకున్నానని కూడా రాశారు. అది మీ జన్యువులు ఏ జనసమూహాలకు దగ్గరగా ఉన్నాయో చెప్పగలదు. ఊరిని చెప్పలేదు, భాషను చెప్పలేదు. పౌరసత్వ దరఖాస్తులో దానికి చోటు లేదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. "నేను భారతీయుణ్ని" అని ఏ వివరణా లేకుండా చెబితే, వినేవారు మీరు ఇక్కడి పౌరులని అనుకుంటారు. అది నిజం కాదు కాబట్టి అలా చెప్పవద్దంటాను. "నేను మారిషస్‌వాణ్ని, మా పెద్దలు విశాఖ ప్రాంతం నుంచి వెళ్లారు" అని చెప్పండి. ఇందులో తగ్గవలసిన పని ఏమీ లేదు. నూటయాభై ఏళ్లకు పైగా చెరకు తోటల్లో చెమటోడ్చి, ఒక దేశాన్ని నిర్మించినవారి బిడ్డ మీరు. ఆ దేశాన్ని పక్కనపెట్టి, పూర్వీకులు ఆకలితో వదిలి వెళ్లిన చోటునే అసలు ఇల్లని చెప్పుకుంటే, ఆ నిర్మాణంలో వారి భాగాన్ని మనమే చెరిపేసినట్టవుతుంది. భారత పౌరుడు కావాలన్న కోరిక బలంగా ఉంటే దానికీ దారి ఉంది. ఓసీఐ తీసుకొని అయిదేళ్లు గడిచాక, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడ నివసించి, నమోదు ద్వారా పౌరసత్వం కోరవచ్చు. అప్పుడు మారిషస్ పౌరసత్వాన్ని వదులుకోవాలి. ఆ వదులుకోవడం మీకు ఎలా అనిపిస్తుందో ఒకసారి మనసులో ఊహించుకోండి. మీ జాతీయత ఏదన్నది మీకు అప్పుడు తెలుస్తుంది.

"నేను తెలుగువాణ్ని" అనడం మాత్రం వేరు. దానికి ఏ ప్రభుత్వమూ కార్డు ఇవ్వదు, ఏ గీతా గీయదు. ఆ మాట చెప్పుకోవడానికి మీకు పూర్తి అధికారం ఉందని నేను నమ్ముతున్నాను. ఉచ్చారణ తేడాగా ఉందని నవ్వేవారు ఉంటారు, పట్టించుకోకండి. తరం తర్వాత తరం బడిలో ఐచ్ఛికంగా ఎంచుకొని నేర్చుకుంటూ ఈ భాషను నిలుపుకున్న కుటుంబాలు, పుట్టుకతో వచ్చినా పిల్లలకు నేర్పని ఎన్నో కుటుంబాల కంటే దీనికి ఎక్కువ చేశాయి. అదే విధంగా, ఏ తెలుగు పూర్వీకుడూ లేకుండా ఇక్కడ స్థిరపడి తెలుగులో బతుకుతున్నవారికి కూడా ఆ మాట చెప్పుకునే అధికారం మీతో సమానంగా ఉంటుంది.

చివరగా పత్రాల సంగతి. మారిషస్‌లో మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరిచిన వలస రికార్డుల నుంచి మీ పూర్వీకుడి నకలు తీసుకున్నారని రాశారు. అందులో ఆయనకు ఇచ్చిన వలస సంఖ్య స్పష్టంగా కనబడేలా చూసుకోండి, ఎందుకంటే ఓసీఐ దరఖాస్తులో తరాల గొలుసు ఆ సంఖ్యతోనే మొదలవుతుంది. అప్పట్లో ఒక మనిషి సొంత పేరే తర్వాతి తరాలకు ఇంటిపేరుగా మారింది కాబట్టి, మీ ఇంటిపేరు ఇక్కడ ఎవరికీ లేకపోతే కంగారుపడకండి. ప్రతి తరానికీ జనన, వివాహ ధ్రువపత్రాలు వరుసగా పెట్టి, పేరు రాత మారిన ప్రతి చోటా ఒక అఫిడవిట్ జతచేయండి. ఊరి పేరును ఇంగ్లిష్ గుమాస్తా తన చెవికి తోచినట్టు రాసి ఉంటాడు. దాన్ని పట్టుకొని నేరుగా ఊళ్లు వెతకవద్దు. నాటి విశాఖపట్నం జిల్లాలో నేటి విజయనగరం ప్రాంతం చాలావరకు కలిసి ఉండేది, నేటి శ్రీకాకుళం ప్రాంతం చాలావరకు గంజాం జిల్లాలో ఉండేది. గంజాం అని రాసి ఉంటే ఆ ఊరు 1936లో ఒడిశాలోకి వెళ్లి ఉండవచ్చు కూడా. ముందు తాలూకా పేరున్న గడిని చదవండి. ఆ గడి సరిగా కనబడకపోతే, ఆ పుటకు మరింత స్పష్టమైన నకలు ఇమ్మని మళ్లీ అడగండి. తాలూకా తెలిస్తే, అందులో ఆ పేరుకు దగ్గరగా వినిపించే ఊళ్లు సాధారణంగా మూడు నాలుగు మించి ఉండవు.